పెట్రోలు లెక్క తెలిసిన ప్రధాని

సావనీరుకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని సంపాదకవర్గ మిత్రులు అడిగారు. మీర్ లాయక్ అలీ గురించి వ్రాస్తానంటే నా ముఖంలోకి వింతగా చూశారు. ఆయన మహనీయుడని నేనూ అనడం లేదు. హైదరాబాదు సంస్థానపు చివరి ప్రధాని ఆయన. నేను సైన్సు విద్యార్థిని. మాది భువనగిరి వైపు వ్యవసాయ కుటుంబం. ఉప్పల్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. రోజూ పొద్దున ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడితే ఆయిల్ ట్యాంకర్లు పోతూ కనబడతాయి. ఇవి ఒక్క నెల రాకపోతే మన గతి ఏమిటని ఒకనాడు అనిపించింది. అటువంటి రోజులు ఈ నేల మీద నిజంగానే వచ్చాయనీ, వాటిని ఎదుర్కొన్నవాడు ఒక ఇంజనీరేననీ తర్వాత చదివి తెలుసుకున్నాను.

లాయక్ అలీ హైదరాబాదు వాడే. ఇంజనీరింగు చదివి, నిర్మాణాల కంపెనీ నడిపి, సిర్పూర్ కాగితపు మిల్లు వంటి పరిశ్రమల నిర్వహణలో పేరు తెచ్చుకున్నాడు. రాజకీయాల కంటె యంత్రాలే ఆయనకు దగ్గర. అయినా 1947లో పాకిస్తాన్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లాడు. జిన్నా దూతగా అమెరికాకు పోయి సుమారు 200 కోట్ల డాలర్ల అప్పు అడిగాడు. అది దొరకలేదు. ఆ ఏడాది నవంబరు 29న నిజాం ప్రభుత్వానికీ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం కుదిరింది. డిసెంబరులో ఆయన ప్రధాని అయ్యాడు.

ఆయన చేతికి వచ్చిన రాజ్యం ఎట్లాంటిది? సుమారు 82 వేల చదరపు మైళ్లు, 1 కోటి 60 లక్షలకు పైగా జనం, సొంత నాణెం, సొంత రైలు. కాని నలుదిక్కులా భారత భూభాగమే. సముద్రం లేదు. అంతకుముందే గోవాలోని మర్మగోవా రేవు కోసం పోర్చుగీసువారితో బేరాలు నడిచాయిగాని ఫలించలేదు. నేలలో సింగరేణి బొగ్గు ఉంది. ఆ బొగ్గుతో దక్షిణాదిలో రైళ్లూ మిల్లులూ నడిచేవి. పెట్రోలు మాత్రం ఒక్క చుక్క లేదు. ప్రతి డబ్బా భారత రేవుల్లో దిగి, భారత రైళ్ల మీద రావాలి.

1948లో ఆ దారి బిగిసింది. ఆయుధాలనే ఆపామని ఢిల్లీ అన్నది. పెట్రోలు, మందులు, నీటిశుద్ధికి క్లోరిన్ కూడా రానివ్వడం లేదని హైదరాబాదు గోల పెట్టింది. ఢిల్లీకీ తన ఫిర్యాదులు ఉన్నాయి. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇవ్వడం, భారత కరెన్సీ మీద ఆంక్షలు పెట్టడం ఒప్పందానికి విరుద్ధమన్నది.

ఇంజనీరుకు ప్రత్యామ్నాయం తెలుసు. కామారెడ్డిలో ఇప్పపువ్వు నుంచి పవర్ ఆల్కహాలు తీసే ఫ్యాక్టరీ ఉంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో మొలాసిస్ ఉంది. మన కెమిస్ట్రీ లెక్క చూడండి. లీటరు పెట్రోలు ఇచ్చే వేడికి సుమారు లీటరున్నర ఆల్కహాలు కావాలి. పైగా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దానితో కొన్నాళ్లు గడుపుకోవచ్చుగాని ఒక దేశాన్ని నడపడం కష్టం. అంటే అసలు మార్గం పొరుగువారితో ఒప్పందమే. లాయక్ అలీ ఢిల్లీకి పలుమార్లు వెళ్లి మౌంట్‌బాటెన్‌తో మాట్లాడాడు. జూన్‌లో ఒప్పందం చేతిదాకా వచ్చి జారిపోయింది. నిజాం కాదన్నాడు. తర్వాత సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాలలో ఆయుధాలు దించాడు. దొంగదారిన తుపాకులు వచ్చాయేగాని, ఒక రాజ్యానికి సరిపడే నూనె విమానాలలో ఎక్కడ వస్తుంది?

ఇక్కడిదాకా చదివినప్పుడు నాకు ఆయన మీద జాలే కలిగింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాయనమ్మకు చెప్పాను. ఆమె తన మామగారి నోట విన్న సంగతి చెప్పింది. ఆ కాలంలో ఊళ్లో గాసునూనె దొరకక ఆముదం దీపం పెట్టుకునేవాళ్లట. రజాకార్ల లారీ చప్పుడు వినబడితే ఆ దీపాన్నీ ఆర్పేసి, పిల్లల నోళ్లు మూసి, జొన్నచేలో దాక్కునేవాళ్లట. నాకు నోట మాట రాలేదు. దీపానికి నూనె లేని రాజ్యంలో ఆ లారీకి పెట్రోలు ఎక్కడిది?

అప్పటికే తెలంగాణ పల్లెల్లో వెట్టికీ లెవీ ధాన్యానికీ ఎదురుతిరిగి రైతులు సాయుధపోరాటం చేస్తున్నారు. కాసిం రజ్వీ మనుషులను లాయక్ అలీ ప్రభుత్వం అదుపు చేయలేదు. కొరత అంటే వస్తువు తక్కువ కావడమే కాదు, ఉన్న కాస్త ఎవరి చేతికి పోయిందన్నది కూడా. పెట్రోలు నిల్వలు లెక్కించే చదువు ఆయనకు ఉంది. జనం ఓపిక ఎంత మిగిలిందో లెక్కించలేదు.

ఆగస్టు 21న హైదరాబాదు భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 13న భారతసైన్యం ప్రవేశించింది. 16న ప్యారిస్‌లో ఫిర్యాదు చర్చకు వచ్చింది. 17న మంత్రివర్గం రాజీనామా చేసింది, 18న సైన్యం లొంగిపోయింది. పోలీసు చర్య అనంతరం జరిగిన ఘోరాలలో ఎందరో ముస్లిం సోదరులు ప్రాణాలు కోల్పోయారు. పాలకుల తప్పుకు శిక్ష వారికి పడింది. ఈ మాట వ్రాయకపోతే నా లెక్కా తప్పుతుంది. గృహనిర్బంధంలో ఉన్న లాయక్ అలీ 1950 మార్చిలో తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. తన పక్షం వాదిస్తూ 1962లో హైదరాబాదు విషాదం మీద ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించాడు. 1971లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

మిత్రులారా, ఈనాటికీ మన దేశం వాడే ముడిచమురులో 80 శాతానికి పైగా బయటినుంచే వస్తున్నది. రేపు మనలో కొందరు ఇంజనీర్లు, ఆఫీసర్లు అవుతారు. నిల్వలెంతో, ప్రత్యామ్నాయాలేమిటో తప్పక లెక్క వేద్దాం. ఆ లెక్కలో ఇరుగుపొరుగునూ, ఆముదం దీపం ఆర్పుకుని జొన్నచేలో కూర్చున్న ఆ ఇంటినీ కలుపుదాం. నాయనమ్మకు ఈ వ్యాసం చదివి వినిపిస్తానని మాట ఇచ్చాను. ఆమె ఏమంటుందో చూడాలి.