బొమ్మ అమ్మాడు, హక్కు అమ్మలేదు: విలియం హోగార్త్ కథ

లండన్‌లో ఉండే తెలుగువాళ్లలో లెస్టర్ స్క్వేర్ చూడనివాళ్లు అరుదు. మూడు వందల ఏళ్ల కిందట ఆ చోటును లెస్టర్ ఫీల్డ్స్ అనేవారు. 1733 నుంచి అక్కడ ఒక ఇంట్లో విలియం హోగార్త్ అనే చిత్రకారుడు ఉండేవాడు. బొమ్మలు వేసి అమ్ముకునే మనవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లు తెలుసుకోవాల్సిన జీవితం ఆయనది.

హోగార్త్ 1697 నవంబర్ 10న లండన్‌లోనే పుట్టాడు. తండ్రి రిచర్డ్ లాటిన్ పంతులు. లాటిన్‌లోనే మాట్లాడుకునే కాఫీ హౌస్ ఒకటి పెట్టి నష్టపోయి, అప్పులు తీర్చలేక ఫ్లీట్ జైలు పాలయ్యాడు. ఆయన పాఠ్యపుస్తకాలు, నిఘంటువు రాసినా చేతికి పెద్దగా ఏమీ రాలేదు. పుస్తక వ్యాపారులే తన తండ్రిని ముంచారని హోగార్త్ చివరిదాకా నమ్మాడు. రాసినవాడు పస్తులుంటే అమ్మినవాడు బాగుపడటం ఆయన చిన్నప్పుడే కళ్లారా చూశాడు.

వెండి సామాన్ల మీద నగిషీలు చెక్కే పనిలో చేరిన హోగార్త్, 1720 నాటికి సొంతంగా రాగి పలకల మీద బొమ్మలు చెక్కి అచ్చు వేయడం మొదలుపెట్టాడు. 1724లో తెచ్చిన ఒక వ్యంగ్య చిత్రం బాగా అమ్ముడుపోయింది. కానీ కొద్ది రోజుల్లోనే దాని నకళ్లు సగం ధరకే దుకాణాల్లోకి వచ్చేశాయి. అప్పటి చట్టం పుస్తకం రాసినవాడికి రక్షణ ఇచ్చేది కానీ బొమ్మ చెక్కినవాడికి ఇచ్చేది కాదు.

1732లో 'ఎ హార్లట్స్ ప్రోగ్రెస్' వచ్చింది. పల్లె నుంచి లండన్ వచ్చి మోసపోయి నాశనమైన ఒక అమ్మాయి కథను ఆరు బొమ్మల్లో చెప్పాడు. దుకాణదారులను నమ్మకుండా ముందుగానే చందాలు కట్టించుకున్నాడు. సెట్టు ధర ఒక గినీ, అంటే 21 షిల్లింగులు. వెయ్యికి పైగా సెట్లు పోయాయి. ఈసారీ దొంగ అచ్చులు వెంటనే బయలుదేరాయి.

ఇక లాభం లేదనుకుని, తోటి కళాకారులతో కలిసి పార్లమెంటుకు అర్జీ పెట్టాడు. ఫలితంగా వచ్చిన చట్టం 1735 జూన్‌లో అమల్లోకి వచ్చింది. బొమ్మను ఊహించి చెక్కినవాడికి 14 ఏళ్ల హక్కు ఇచ్చింది. పలక మీద యజమాని పేరు, ప్రచురణ తేదీ ఉండాలి. దొంగ అచ్చు వేసినవాడు ఒక్కో కాపీకి 5 షిల్లింగులు కట్టాలి. దాన్ని హోగార్త్ చట్టమనే పిలిచారు. 'ఎ రేక్స్ ప్రోగ్రెస్' ఎనిమిది బొమ్మలను ఆ చట్టం అమల్లోకి వచ్చేదాకా ఆపి అప్పుడు విడుదల చేశాడు.

అసలు పాఠం తర్వాత ఉంది. ఈ అచ్చులన్నిటికీ మూలమైన తైలవర్ణ చిత్రాలను 1745లో వేలం వేశాడు. హార్లట్ చిత్రాలు ఒక్కోటి 14 గినీలకు, రేక్ చిత్రాలు ఒక్కోటి 22 గినీలకు పోయాయి. 1751లో 'మ్యారేజ్ ఎ-లా-మోడ్' ఆరు చిత్రాలకూ కలిపి 120 గినీలే వచ్చాయి. ఆయనకు అది పెద్ద అవమానం. అయినా ఇల్లు గడవడం ఆగలేదు. కొన్నవాళ్లు తీసుకెళ్లింది చిత్రాన్ని మాత్రమే. రాగి పలకలు ఆయన దగ్గరే ఉన్నాయి.

1755లో ఫాంట్‌హిల్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో హార్లట్ చిత్రాలు కాలిపోయాయి. కొన్నవాడికి బూడిద మిగిలింది. ఆ కథ మాత్రం అచ్చుల్లో బతికే ఉంది.

1764 అక్టోబర్‌లో హోగార్త్ చనిపోయాడు. పిల్లలు లేరు. భార్య జేన్‌కు పలకలు మిగిలాయి. 1767లో పార్లమెంటు హక్కు కాలాన్ని 28 ఏళ్లకు పెంచుతూ, హోగార్త్ అచ్చుల మీద జేన్‌కు ప్రత్యేకంగా 20 ఏళ్ల హక్కు ఇచ్చింది. అదే ఇంట్లో ఆమె ఆ అచ్చులు అమ్ముకుంటూ 1789 దాకా బతికింది.

ఇక మన సంగతి. ఈ రోజు బ్రిటన్‌లో చిత్రకారుడి జీవితకాలం, ఆ పైన 70 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఇండియాలో ఆ పైన 60 ఏళ్లు. బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైట్ పోదు. అది చేతులు మారాలంటే రాతపూర్వకంగా సంతకం పెట్టాలి. కొన్నవాళ్లు గోడకు తగిలించుకోవచ్చు, ఇంకొకరికి అమ్ముకోవచ్చు. క్యాలెండర్ల మీదా, టీషర్టుల మీదా వేసి అమ్ముకోవాలంటే మిమ్మల్ని అడగాలి.

ఒక్క విషయంలో జాగ్రత్త. డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న చిత్రానికి ఇండియా చట్టంలో, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. బ్రిటన్‌లో అలా కాదు, హక్కు వేసినవాళ్లదే. ఇక్కడ ఉంటూ ఇండియాలో ఉన్నవాళ్లకు బొమ్మలు వేసిచ్చేవాళ్లు హక్కు ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోవాలి. ఎవరైనా సంతకం పెట్టమంటే, అమ్ముతున్నది బొమ్మనా, హక్కునా అని చదివి చూసుకోవాలి.

రేక్ చిత్రాలు సర్ జాన్ సోన్స్ మ్యూజియంలో, మ్యారేజ్ చిత్రాలు నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. లెస్టర్ స్క్వేర్ నుంచి నేషనల్ గ్యాలరీకి ఐదు నిమిషాల నడక. బొమ్మలు వేసే పిల్లలుంటే ఈసారి అటు తీసుకెళ్లండి. బొమ్మలతో పాటు ఈ కథ కూడా చెప్పండి.