మాటల పుట్టిల్లు వెతికిన దొర

చాతం వంతెన దాటి కోత మిల్లు వైపు నాలుగడుగులు వేస్తే బెంగాలీ, తమిళం, హిందీ, సిక్కోలు తెలుగు కలగలిసి చెవిన పడతాయి. అక్కడి ఎర్రని కలప పడౌక్. అది బర్మా మాట. అమ్మానాన్నల కొలువును బట్టి ఊళ్ళు మారే మనం రోజూ అనే ‘బదిలీ’ కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. ఇలాంటి మాటల వెంట ఒక జీవితకాలం నడిచినవారు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండుకు వెళ్ళింది. 1817లో కంపెనీ కొలువుకు మద్రాసు వచ్చి, 1820లో కడప చేరారు. ఆ తరువాత మచిలీపట్నం, రాజమండ్రి, గుంటూరు... ఆయనవీ బదిలీలే! తెలుగు మాత్రం ఎక్కడా వదల్లేదు. కడపలో తన బంగళాలో పండితులను పెట్టుకుని, సొంత జీతంలోంచి వాళ్ళకు జీతాలిచ్చి, తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించారు. వేమన పద్యాలను ఇంగ్లీషు చేసి 1829లో అచ్చువేశారు.

మాట విలువ ఆయనకు ఎంత తెలుసో గుంటూరు సీమ చెబుతుంది. 1832-33లో అక్కడ జనం ఆకలితో చనిపోతుంటే పై అధికారులకు ‘కొరత’ అనే మాటే నచ్చింది. బ్రౌన్ దాన్ని కరువు అనే రాశారు. ఉద్యోగంలో ఉన్నవాడు అలా రాయడం చిన్న సంగతి కాదని మా అభిప్రాయం.

ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. అప్పటి అర్జీల నిండా దస్తావేజు, జమాబందీ వంటి పరభాషా పదాలే. పండితులు అలాంటివాటిని తెలుగు కాదని పక్కన పెట్టేవారు. జనం నోట ఉన్న మాటను వదిలేస్తే ఎలా? బ్రౌన్ వాటికోసం 1854లో వేరే మిశ్రభాషా నిఘంటువే వేశారు.

ఉచ్చారణనూ ఆయన వదల్లేదు. చాప, చాకు అని పైకి అని చూడండి. చాపలో నాలుక పళ్ళ దగ్గరకు వెళుతుంది, చాకులో వెనక్కి జరుగుతుంది. చాప మనది, చాకు పారసీకం మీదుగా వచ్చింది. జల్లెడ, సంస్కృతపు జలం కూడా అంతే. ఎప్పుడో వచ్చి మనలో కలిసిపోయిన చందమామ వంటివి మాత్రం ఈ లెక్కకు లొంగవు. ఈ తేడా తెలియడానికి బ్రౌన్ నిఘంటువులో అక్షరం తలపై చిన్న గుర్తు ఉంటుంది: ౘాప. మన పాఠ్యపుస్తకాల్లో అది లేకపోవడం మాకు కొంచెం లోటుగానే ఉంది. ఇంతకీ మన చాతంలో ‘చా’ ఏది? పలికి చూసుకోండి.

పదవీ విరమణ చేసి లండన్ వెళ్ళాక అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. మన కోత మిల్లు మొదలైంది దానికి ఒక్క ఏడాది ముందే. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. సెలవుల్లో అటు వెళ్ళేవాళ్ళు చూసి రావచ్చు.