హెన్రీ బ్లాన్‌ఫర్డు

హైదరాబాదు సమీపమునందలి కీసర ప్రాంతపు చెరువులు నైఋతి ఋతుపవనములు తెచ్చు వానలకే నిండును. కృష్ణా గోదావరులు సైతము మంచు కరగి ప్రవహించు నదులు కావు. అయినను హిమాలయములపై పడు మంచునకును ఈ వానలకును సంబంధము కలదని గుర్తించి, దానిని ప్రజలకు ఉపయోగపరుప యత్నించిన శాస్త్రజ్ఞుడు హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫర్డు.

ఆయన 1834వ సంవత్సరమున లండను నగరమున జన్మించెను. 1855లో అన్నయగు విలియముతో భారతదేశమునకు వచ్చి, భూగర్భ పరిశోధన శాఖలో చేరెను. ఆ సోదరులు ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గుగనుల ప్రాంతమును పరిశీలించిరి. పిమ్మట బ్లాన్‌ఫర్డు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడయ్యెను. 1864లో ఘోరమైన తుపాను కలకత్తాను అతలాకుతలము చేసెను. దానిని గూర్చి విపులమైన నివేదిక రచించుటలో ఆయన పాలుగొనెను. నేలను శోధించిన ఆయన దృష్టి క్రమముగా నింగికి మరలెను. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడగా ఆయనయే దానికి ప్రథమాధికారి అయ్యెను.

మరుసటి యేడే దక్షిణదేశమున వానలు ముఖము చాటువేసెను. బళ్లారి, కర్నూలు, కడప మండలములలోను, హైదరాబాదు రాజ్యమునందును పైరులు ఎండిపోయెను. 1878 వరకు సాగిన ఆ మహాక్షామమునకు లక్షలాది ప్రజలు బలియైరి. అనావృష్టి సంగతి ముందుగా తెలిసినచో ధాన్యమును, పశుగ్రాసమును కూడబెట్టుటకు వ్యవధి యుండెడిది గదా! వానరాకను ముందుగా తెలిసికొను మార్గమును కనుగొను భారము బ్లాన్‌ఫర్డుపై పడెను.

ఆయన గత సంవత్సరముల లెక్కలను ఓపికతో సరిపోల్చెను. హిమాలయములపై మంచు మెండుగా పడిన యేడు వానలు తగ్గుచుండుట ఆయనకు కనబడెను. తెల్లని మంచు సూర్యకాంతిని త్రిప్పికొట్టును. మిగిలిన వేడిమిలో కొంత దానిని కరగించుటకే వ్యయమగును. అందుచే నేల ఆలస్యముగా కాగును; సముద్రముపైనుండి తడిగాలులను ఆకర్షించు శక్తి సన్నగిల్లును. బ్లాన్‌ఫర్డు తొందరపడలేదు. 1882 నుండి 1885 వరకు ప్రయోగముగా మాత్రమే సూచనలిచ్చెను. ఈ విషయమై 1884లో ఒక వ్యాసమును ప్రకటించెను. 1886 జూన్ 4వ తేదీన ప్రథమ ఋతుపవన సూచన వెలువడెను.

1893లో ఆయన పరమపదించెను. మంచు ఒక్కటియే వానను నిర్ణయింపదని తరువాతివారు తెలిసికొనిరి. గిల్బర్టు వాకరు దూరసముద్రములపై వాయుపీడనమును సైతము లెక్కలోనికి తెచ్చెను. నేడు సముద్రజలముల వేడిమిని గూడ గణించి, విత్తులు చల్లుటకు ముందే వాతావరణ శాఖ సూచనల నొసగుచున్నది. ఆకసమువైపు ఆశతో చూచుటయే గాక, కొలిచి, సరిపోల్చి, సిద్ధపడవలెనని బ్లాన్‌ఫర్డు జీవితము బోధించుచున్నది.