కలరా విషం గుట్టు విప్పిన శంభునాథ్ డే

పేద ఇంట పుట్టి, ఇతరుల అండతో చదువుకుంటున్న మనమందరం తెలుసుకోవలసిన శాస్త్రవేత్త డాక్టర్ శంభునాథ్ డే.

ఆయన 1915 ఫిబ్రవరి 1న బెంగాల్‌లోని హుగ్లీ జిల్లాలో ఒక పల్లెటూరిలో జన్మించారు. ఉపకార వేతనాలతో చదివి కలకత్తా వైద్య కళాశాలలో చేరారు. అక్కడ చదివే రోజుల్లో ఒక దాత ఆయనకు తిండి, వసతి ఉచితంగా కల్పించారు. తరువాత లండన్‌లో పరిశోధన చేసి, 1949లో పిహెచ్.డి. పట్టా పొంది, కలకత్తాకే తిరిగి వచ్చారు.

రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలోనే కలరా క్రిమిని వేరుచేశారు. అది విషం విడుస్తుందని ఆయన అనుమానించారు. కానీ డెబ్బై ఏళ్లు దాటినా ఆ సంగతి రుజువు కాలేదు. డే గారు 1953లో కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, అందులోకి కలరా క్రిములను ఎక్కించారు. ఆ భాగం నీటితో ఉబ్బిపోయింది. 1959లో క్రిములను వడగట్టి తీసేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించారు. అప్పుడూ పేగు ఉబ్బింది! ప్రాణం తీసేది క్రిమి వదిలే విషమేనని తేలిపోయింది.

ఈ విషం పేగు గోడను తినెయ్యదు, ఒంట్లోని నీటిని, లవణాలను పేగులోకి తోడేస్తుంది. గోడ చెడకుండా ఉంటుంది కాబట్టే ఓ.ఆర్.ఎస్. తాగిస్తే పేగు దానిని పీల్చుకుంటుంది, మనిషి బతుకుతాడు.

మరి ఆ క్రిమి ఎప్పుడూ విషం కక్కుతూనే ఉంటుందా? లేదు. పేగులోకి చేరాక, అక్కడి పైత్యరసం వంటి గుర్తులను పసిగట్టి తన విషపు జన్యువులను మేల్కొలుపుతుంది. ఈ పనికి పెద్దరికం వహించే టాక్స్-ఆర్ అనే జన్యువును వర్జీనియా మిల్లర్, జాన్ మెకలనోస్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1984లో వెల్లడించారు. అది టాక్స్-టి అనే మరో జన్యువును పనిలోకి దింపుతుంది. దాని ఆజ్ఞతో విషమూ, పేగుకు అతుక్కునే సన్నని నూగూ తయారవుతాయి. డే గారు విషాన్ని చూపించబట్టే, దాన్ని నడిపే మీట కోసం తరువాతివారు వెతకగలిగారు.

ఆయన 1973లో పదవీ విరమణ చేశారు. 1978లో స్వీడన్‌లో జరిగిన నోబెల్ సదస్సు ఆయనను ఆహ్వానించింది. మన దేశంలోని పెద్ద సైన్స్ అకాడమీలు మాత్రం ఆయన జీవించి ఉండగా సభ్యత్వమైనా ఇవ్వలేదు. 1985 ఏప్రిల్ 15న ఆయన కన్నుమూశారు. 1990లో కరెంట్ సైన్స్ పత్రిక ఆయన స్మృతిలో ప్రత్యేక సంచిక వెలువరించింది.

బిరుదులు రాకపోయినా ఆయన పని ఆగలేదు. ఒక దాత పెట్టిన అన్నం లోకానికి ఎంత మేలు చేసిందో ఆయన జీవితమే చెబుతుంది. మనం తినే ఈ హాస్టల్ అన్నానికీ అంతటి విలువ తెద్దాం.