విత్తువాని బొమ్మ

లోకప్రసిద్ధ చిత్రకారుడైన విన్సెంట్ వాన్ గో 1853లో హాలెండు దేశమున ఒక పాదిరిగారి కుమారుడుగా పుట్టెను. బెల్జియములో బొగ్గుగని కూలీలకు వాక్యము బోధించెను గాని, 1879లో మిషనువారు ఆయనను పనిలో ఉంచలేదు. 1880లో, 27 ఏండ్ల వయస్సున, బొమ్మలు గీయ నేర్చుకొనసాగెను. మొదట ఆయన గీసిన మనుష్యులు కొయ్యబొమ్మలవలె బిగుసుకొని యుండిరి. విసుగు కలిగినను విడువక, మిల్లే అను చిత్రకారుని విత్తువాని బొమ్మను ఐదుసార్లు దించి, మరల మొదలుపెట్టెను. 1885లో ఒక రైతు కుటుంబపు భోజనమును చిత్రించుటకు ముందు, రైతుల ముఖములనే సుమారు 40 వ్రాసెను.

ప్రియులారా, విత్తిననాడే కోయు రైతు లేడు గదా. మంచి నేలను పడిన విత్తనము ఓర్పుతో ఫలించునని ప్రభువు నేర్పెను (లూకా 8:15). బైబిలు చదువ నేర్చుకొనుచున్నవారు తమ ఆలస్యమునకు సిగ్గుపడక, రేపును పుస్తకము తెరువవలెను.