వెనక్కి వచ్చే వెలుగు

ఫైబర్ ఆప్టిక్స్ ల్యాబ్‌లో ఓటీడీఆర్ తెర మీద వచ్చే గీతని మనలో చాలామంది రికార్డులో గీసే ఉంటారు. ఎడమ చివర ముల్లులాంటి ఒక ఎత్తు. అక్కణ్ణించి కుడివైపుకి నిదానంగా దిగే వాలు. ఫైబరు అయిపోయే చోట ఇంకో ముల్లు, ఆ తర్వాత అంతా గజిబిజి. వైవాలో అడిగేది ఎప్పుడూ ముళ్ల గురించే. కనెక్టర్ ఎక్కడుంది, ఫైబరు ఎక్కడ తెగింది అని. మధ్యలో ఉన్న ఆ వాలుగీత ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు, మనమూ చెప్పం. నిజానికి ఆ గీత మొత్తం ఇంగ్లండుకి చెందిన ఒక జమీందారు పేరున ఉంది. ఆయన చనిపోయి నూరేళ్లు దాటింది. ఆప్టికల్ ఫైబర్ అన్న మాటే ఆయన వినలేదు.

జాన్ విలియం స్ట్రట్ 1842 నవంబర్ 12న ఎసెక్స్‌లో పుట్టారు. చిన్నప్పుడు బొత్తిగా ఆరోగ్యం లేని పిల్లాడు. ఈటన్, హారో అనే పేరుమోసిన బడులు రెండింటిలోనూ చేరి, రెండింటిలోనూ నిలవలేకపోయారు. చివరికి ఒక మతగురువు నడిపే చిన్న బడిలో చదువు సాగింది. 1861లో కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీకి వచ్చేనాటికి లెక్కల్లో తోటివాళ్ల కంటే కాస్త వెనకబడే ఉన్నారు. అయితే రౌత్ అనే గట్టి గురువు దొరికారు. 1865లో స్ట్రట్ సీనియర్ రాంగ్లర్ అయ్యారు, అంటే ఆ ఏడాది గణితంలో కేంబ్రిడ్జి మొత్తానికీ ఫస్టు.

పెద్దింటి పెద్దకొడుకు ఆ తర్వాత ఎస్టేటు చూసుకోవాలి, ప్రభువుల సభలో కూర్చోవాలి. గాజు గొట్టాలూ తీగలూ పట్టుకుని కూర్చోవడం ఆ వర్గంలో గౌరవమైన పని కాదు. పైగా అప్పటి కేంబ్రిడ్జిలో విద్యార్థి చేత్తో ప్రయోగం చేసే ఫిజిక్స్ ల్యాబే లేదు. ప్రొఫెసరు క్లాసులో చేసి చూపిస్తే చూడాలంతే. స్ట్రట్ తన డబ్బుతో పరికరాలు కొనుక్కుని ఇంట్లోనే మొదలుపెట్టారు.

1871 ఆయన జీవితంలో ముఖ్యమైన సంవత్సరం. ఎవిలిన్ బాల్ఫర్‌ని పెళ్లి చేసుకున్నారు. ఆమె తమ్ముడు ఆర్థర్ బాల్ఫర్ తరవాతి కాలంలో బ్రిటన్ ప్రధాని. పెళ్లయితే ట్రినిటీ ఫెలోషిప్ పోతుందని అప్పటి నియమం, పోయింది. అదే ఏడు ఆకాశం నీలంగా ఎందుకుంటుందన్న ప్రశ్న మీద వ్యాసాలు ప్రచురించారు. కాంతి తన తరంగదైర్ఘ్యం కంటే చాలా చిన్న రేణువుని తాకినప్పుడు అన్ని దిక్కులకీ చెదురుతుంది. ఎంత చెదురుతుందన్నది తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుందని ఆయన తేల్చారు. లెక్క వేసి చూడండి. 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. దీన్నే మనం రేలీ పరిక్షేపణం అని చదువుకుంటున్నాం.

మరి ఆకాశంలో ఆ చిన్న రేణువులేమిటి? అప్పట్లో స్ట్రట్ గాలిలో తేలే ఏదో నలుసు అనుకున్నారు. 1873 ఆగస్టు 28న మాక్స్‌వెల్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నలుసు అక్కర్లేకుండా గాలి అణువులే ఆ పని చేస్తే ఎలా ఉంటుందో లెక్కకి అందుతుందా అని అందులో అడిగారు. ఆ ప్రశ్నకి పూర్తి జవాబు అచ్చయింది 1899లో! ఇరవయ్యారేళ్లు. అప్పటికి మాక్స్‌వెల్ పోయి ఇరవై ఏళ్లయింది. గాలి అణువులే చాలు, ఆకాశం నీలమవడానికి ధూళి అక్కర్లేదు అన్నది ఆ జవాబు. డార్జిలింగ్ దగ్గర్నుంచి చూస్తే సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఎవరెస్ట్ ఇంకా బాగానే వెలుగుతూ కనిపిస్తుందన్న సంగతిని కూడా ఆయన ఆ వ్యాసంలో ఆధారంగా వాడుకున్నారు. అంత దూరంలో గాలి ఎంత వెలుగుని మింగుతుందో కొండే చెబుతోంది కదా. 1918లో ఆయన కొడుకు రాబర్ట్ స్ట్రట్ ధూళి తీసేసిన గాలిలోంచి కాంతి పంపి, చెదిరిన నీలాన్ని ల్యాబులోనే చూపించారు. తండ్రి అది చూసేంతవరకూ బతికే ఉన్నారు.

కథ కాస్త ముందుకెళ్లింది, వెనక్కి వద్దాం. పెళ్లయిన కొన్నాళ్లకే స్ట్రట్‌కి కీళ్లవాత జ్వరం పట్టుకుంది. ప్రాణం మీదికి వచ్చి తగ్గింది. చలికాలం ఇంగ్లండులో ఉండొద్దన్నారు. 1872 చివర్లో భార్యతో ఈజిప్టు వెళ్లి, నైలు నది మీద పడవ ఇంట్లో ఉంటూ ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టారు. పక్కన లైబ్రరీ లేదు, ల్యాబు లేదు. అదే ధ్వని సిద్ధాంతం మీద ఆయన రాసిన రెండు సంపుటాల గ్రంథం, 1877, 1878లలో వచ్చింది. కంపనాల మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ తిరగేసే పుస్తకం. నైలు నుంచి వచ్చిన కొద్ది రోజులకే తండ్రి చనిపోయారు. 1873లో ఆయన మూడో బ్యారన్ రేలీ అయ్యారు, టెర్లింగ్ గ్రామంలో ఏడువేల ఎకరాల ఎస్టేటు చేతికొచ్చింది. మూడేళ్లు చూశారు. 1876లో తమ్ముడికి అప్పజెప్పి ల్యాబులోకి వెళ్లిపోయారు.

ఆ టెర్లింగ్ ఇంటి పచ్చిక మీద జరిగిన ఒక ప్రయోగం నాకు భలే ఇష్టం. దానికి పరికరమే లేదు. రేలీ కళ్లు మూసుకుని మధ్యలో నిలబడేవారు. చుట్టూ ఐదారుగురు మనుషులు. వాళ్లలో ఒకరు మాట్లాడితే ఏ దిక్కునుంచో ఆయన చెప్పాలి. మాటయితే సులువుగా చెప్పగలిగారు. శ్రుతిదండం మోగిస్తే కుడా ఎడమా అన్నది తెలిసింది గానీ, ముందా వెనకా అన్నది తెలియలేదు. సన్న స్వరమైతే మన తలే అడ్డుపడి ఒక చెవికి తక్కువ వినిపిస్తుంది, సరే. మంద్రస్వరాల తరంగాలు పొడవైనవి, తలని చుట్టేసి రెండు చెవులకీ ఒకేలా చేరతాయి. అయినా దిక్కు ఎలా తెలుస్తోంది? ఇది ఆయన్ని ముప్పై ఏళ్లు వదల్లేదు. 1907లో చెప్పారు: రెండు చెవులకీ చేరే తరంగాల దశలో ఉండే తేడాని మనిషి పట్టుకుంటున్నాడని. కదలిక ఎక్కడ జరిగిందో దశని బట్టి పట్టుకోవడం! ఈ మాట గుర్తుంచుకోండి, ఫైబరు దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

1879లో మాక్స్‌వెల్ చనిపోయాక కావెండిష్ ప్రొఫెసరు పదవి రేలీకి వచ్చింది. అప్పుడు వ్యవసాయం దెబ్బతిని ఎస్టేటు రాబడి తగ్గడం కూడా ఆయన ఒప్పుకోవడానికి ఒక కారణం. అయిదేళ్లున్నారు. విద్యార్థులు చేత్తో ప్రయోగాలు చేసే క్లాసులు క్రమంగా నడిపించారు, మగవాళ్లతో సమానంగా ఆడపిల్లలనీ రానిచ్చారు. వదిన అయ్యే వరసలో ఉన్న ఎలినార్ సిడ్జ్‌విక్‌తో కలిసి ఓమ్ విలువని మళ్లీ కొలిచారు. 1884లో వదిలేసి టెర్లింగ్ వచ్చేశారు.

ఆ మరుసటేడు, 1885లో, ఒక చిన్న వ్యాసం. ఘనపదార్థం లోపలికి పోకుండా ఉపరితలాన్నే అంటిపెట్టుకుని పాకే తరంగాలు ఉండాలని గణితంతో చూపించారు. భూకంపాల్లో వీటి పాత్ర పెద్దదే కావచ్చని చివర్లో ఊహించారు. లోపలి తరంగం అన్ని వైపులకీ పరుచుకుని త్వరగా నీరసపడుతుంది. ఇది పైపైనే పోతుంది కనుక దూరం దాకా బలం నిలుస్తుంది. ఈ ఊహ నిజమైంది. భూకంప శాస్త్రంలో రేలీ తరంగాలంటే ఇవే.

ఆర్గాన్ కథ అందరికీ తెలిసిందే, అయినా అందులో ఒక చిన్న మలుపు చెప్పాలి. రేలీ వాయువుల సాంద్రతలు కొలుస్తున్నారు. గాలిలోంచి ప్రాణవాయువుని తీసేయగా మిగిలిన నత్రజని ఒక బరువు. అమ్మోనియా సాయంతో చేసిన నత్రజని దానికంటే వెయ్యింట ఒక వంతు తేలిక. మనమైతే ఏం చేస్తాం? ప్రయోగ దోషం అని రాసి రికార్డు మూసేస్తాం. ఆయన ఆ తేడాని తగ్గించే బదులు పెంచి చూశారు. అమ్మోనియా పద్ధతిలో గాలి వాడుతున్నారు, కాబట్టి వచ్చే నత్రజనిలో కొంత గాలిదే. గాలి బదులు శుద్ధమైన ప్రాణవాయువు వాడారు. తేడా అయిదు రెట్లయింది, రెండువందలింట ఒక వంతు. పొరపాటు అయితే అలా పెరగదు. 1892లో నేచర్ పత్రికకి ఉత్తరం రాసి రసాయన శాస్త్రవేత్తలని సలహా అడిగారు, అంత పెద్దమనిషి నాకు అర్థం కాలేదు అని బాహాటంగా ఒప్పుకుంటూ. రామ్సే తోడయ్యారు. 1894లో గాలిలో దాగిన కొత్త వాయువు సంగతి బయటపెట్టారు. 1904లో రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్సేకి రసాయనశాస్త్రంలో నోబెల్. ఆ డబ్బుని రేలీ కేంబ్రిడ్జికి ఇచ్చేశారు.

అన్నీ ఆయన చెప్పినట్టే జరగలేదు లెండి. సముద్రం నీలం ఆకాశానిదే, నీళ్లలో కనిపించే ప్రతిబింబమే అనుకున్నారు. బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ 1921లో ఓడ మీద ఇంగ్లండు నుంచి తిరిగొస్తూ అది నీటి అణువులే చెదరగొట్టిన నీలమని చూపించారు. సరిదిద్దినా, వాడింది రేలీ దారే.

రేలీ 1919 జూన్ 30న టెర్లింగ్ ఇంట్లోనే కన్నుమూశారు. 446 వ్యాసాలు మిగిల్చారు.

ఇప్పుడు ఫైబరుకి వద్దాం. కరిగిన గాజు చల్లబడేటప్పుడు లోపల సాంద్రత అంతటా ఒకేలా ఉండదు. కంటికి ఆనని ఎచ్చుతగ్గులు అలాగే గడ్డకట్టిపోతాయి. వాటిని తాకి కాంతి చెదురుతుంది, రేలీ నియమం ప్రకారమే. అందుకే తరంగదైర్ఘ్యం పెంచుకుంటూ 1550 నానోమీటర్ల దాకా వెళ్లాం. 850తో పోలిస్తే అక్కడ చెదరడం పదకొండు రెట్లు తక్కువ. అయినా కిలోమీటరుకి దాదాపు 0.2 డెసిబెల్ పోతుంది, అందులో ఎక్కువ వాటా ఈ పరిక్షేపణానిదే. గాజుని ఇంకెంత శుద్ధి చేసినా పోని నష్టం. కమ్యూనికేషన్ ఇంజినీరుకి రేలీ పేరు వింటే ఒళ్లు మండాల్సిందే.

అయితే ఆ చెదిరిన దాంట్లో రవ్వంత వెనక్కి తిరిగి, ఫైబరులోనే పడి, మనవైపు వస్తుంది. పది నానోసెకన్ల పల్స్ పంపితే ఏ క్షణాన చూసినా తిరిగొచ్చేది కోటిలో ఒక వంతు కూడా కాదు. కానీ అది ఫైబరులో ప్రతి చోటు నుంచీ వస్తుంది. గాజులో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, కనుక కిలోమీటరు వెళ్లి రావడానికి పది మైక్రోసెకన్లు. ఎప్పుడొచ్చిందో తెలిస్తే ఎక్కణ్ణించొచ్చిందో తెలిసినట్టే. 1976లో బార్నోస్కీ, జెన్సెన్ ఈ పద్ధతిని ప్రకటించారు. మన రికార్డులో ఆ వాలుగీత ఇదే.

ఇంకొంచెం ముందుకెళ్లి, లేజరుని బాగా శుద్ధమైన ఒకే పౌనఃపున్యంతో నడిపితే, పల్స్ కింద ఉన్న వేలకొద్దీ గాజు ఎచ్చుతగ్గుల నుంచి వచ్చే అలలు ఒకదానితో ఒకటి కలిసి వ్యతికరణం చెందుతాయి. ఫైబరు కదలనంతసేపూ ఆ నమూనా మారదు. పైన ఎవరైనా నడిచినా, గునపం పడినా, భూమి కంపించినా ఆ చోట గాజు కొన్ని నానోమీటర్లు సాగుతుంది. అక్కడి నుంచి వచ్చే వెలుగు దశ మారుతుంది. అయితే ఆ చోటు దాటి వెళ్లొచ్చిన వెలుగు కూడా ఆ సాగుడు గుండానే రావాలి కాబట్టి దాని దశా మారిపోతుంది. అందుకని, ఉదాహరణకి పది మీటర్ల ఎడంలో ఉన్న రెండు చోట్ల దశలు తీసుకుని తేడా చూస్తారు. పచ్చిక మీద రేలీ రెండు చెవులు గుర్తొచ్చాయా? ఆయన ఇబ్బంది కూడా ఇక్కడ ఉంది. తిన్నగా వేసిన కేబులుకి చప్పుడు కుడిపక్కదో ఎడమపక్కదో తెలియదు. ఇంకో హద్దు: ఒక పల్స్ పూర్తిగా తిరిగొచ్చేదాకా రెండోది పంపకూడదు. 50 కిలోమీటర్ల ఫైబరుకి 500 మైక్రోసెకన్లు, అంటే సెకనుకి 2000 పల్సులు. అప్పుడు పట్టగలిగేది 1000 హెర్ట్జ్‌ల లోపు కంపనాలనే.

2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఐస్‌లాండ్‌లోని రేక్యానెస్ ద్వీపకల్పంలో మామూలు టెలికాం కోసం పాతిన 15 కిలోమీటర్ల ఫైబరుతోనే భూకంపాలు నమోదు చేశారు. అదే ఏడు మార్చిలో కాలిఫోర్నియా దగ్గర మాంటెరే అఖాతంలో, శాస్త్ర పరికరాలకి వేసిన సముద్రపు కేబుల్ మరమ్మతుల కోసం నాలుగు రోజులు ఖాళీగా ఉంటే, అందులో 20 కిలోమీటర్లని కంపనాలు వినడానికి వాడుకున్నారు. ఒక భూకంపం దొరికింది, సముద్రం అడుగున నేల బీటలూ తెలిశాయి.

ఫైబరు తన పొడవు వెంట సాగడాన్నే బాగా పసిగడుతుంది. కింద నుంచి నిలువుగా వచ్చి అడ్డంగా తాకే తరంగాలు దానికి సరిగ్గా ఆనవు. నేల మీద పాకుతూ వచ్చే అలలైతే ఇట్టే దొరుకుతాయి. అందుకే ఊళ్లలో రోడ్డు పక్క కేబుల్‌కి లారీలూ బస్సులూ పుట్టించే కంపనాల్లో ఎక్కువగా వినిపించేవి 1885 నాటి రేలీ తరంగాలు. వాటిని మోసుకొచ్చేది 1871 నాటి రేలీ పరిక్షేపణం. ఆయన జీవితంలో ఈ రెంటికీ పద్నాలుగేళ్ల ఎడం ఉంది, ఒకదానికొకటి సంబంధం లేదు. అవి కలుసుకున్నది రోడ్డు పక్క గోతిలో, వెంట్రుకంత గాజులో.