సవర మాట నేర్చిన పంతులుగారు

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమం జ్ఞాపకం రావడం సహజం. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా ఏటా జరుపుకుంటున్నాం. పటానికి దండ వేస్తాం, రెండు ఉపన్యాసాలు వింటాం, ఇళ్ళకు పోతాం. తెలుగు కోసం వాదానికి దిగడానికి పదేళ్ళకు పైగా ముందే ఆయన వేరొక భాషకు శిష్యుడయ్యేరు. అది కొండమీది సవరల భాష. పంతులుగారి జీవితాన్ని ఆ వైపునుంచి చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

దీనికి ప్రేరణ మేం చేసిన ఒక విజ్ఞానయాత్ర. కూర్మన్నపాలెం, వడ్లపూడి, గాజువాకల నుంచి రోజూ కాలేజీకి వచ్చే మిత్రులం పన్నెండుగురం కలిసి ఒక వేన్ మాట్లాడుకున్నాం. మా పేటలోనే ఉంటున్న రిటైరయిన తెలుగు మాస్టారొకరు దారి చూపిస్తామని ముందుకొచ్చేరు. విజయనగరం, పొందూరు, ముఖలింగం, పర్లాకిమిడి, సీతంపేట అని కాగితమ్మీద రాసుకున్నాం. కళలు, చేతిపనులు, ఆచారాలు చూసి రావాలన్నదే మా ఉద్దేశం. మాస్టారు మాత్రం ఆ ఊళ్ళన్నిటినీ ఒకే మనిషి జీవితంతో ముడివేసి చెప్పేరు.

రామమూర్తిగారు 1863లో శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార ఒడ్డున, ముఖలింగ క్షేత్రానికి దగ్గరలో ఉన్న పర్వతాలపేటలో పుట్టేరు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడే విషజ్వరంతో పోయేరు. కుర్రవాడికప్పటికి పన్నెండేళ్ళు. మేనమామగారి ఆశ్రయంలో పెరిగి, విజయనగరం మహారాజావారి హైస్కూల్లో చదివేరు. అక్కడే గురజాడ అప్పారావుగారు సహాధ్యాయి. ఒకే బడిలో చదువుకున్న ఈ ఇద్దరూ తర్వాత తెలుగు రాతకు దారి మళ్ళించడం మన కళింగాంధ్ర చేసుకున్న అదృష్టం. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసై, 1880లో ముప్ఫై రూపాయల జీతమ్మీద పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చరిత్ర చెప్పే మేష్టరుగా చేరేరు. ప్రైవేటుగా చదివి డిగ్రీ సంపాదించుకున్నారు. తర్వాత రాజావారి కాలేజీలోనూ పాఠాలు చెప్పేరు.

చరిత్ర చెప్పే మేష్టర్లు చాలామందే ఉంటారు. పుస్తకంలో ఉన్నది చెప్పి బెల్లు కొట్టగానే బయటికి నడుస్తారు. ఈయన అలా ఊరుకోలేదు. ముఖలింగం గుళ్ళ గోడలనిండా శాసనాలున్నాయి. చదివేవారు లేరు. పుస్తకాలు తెప్పించుకుని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. గుడి గోడల దగ్గర కూచుని అక్షరమక్షరం కూడబలుక్కున్నారు. గంగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించేరు. వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించేరు. మేం మధుకేశ్వరాలయం గోడమీద చెయ్యి పెట్టి ఆ అక్షరాలు తడిమేం. ఒక్కటీ అర్థం కాలేదు. చదవడం నేర్పే గురువు లేకుండానే ఒక స్కూలు మేష్టరు దాన్ని ఎలా చదివేడా అని మాలో మేం చెప్పుకున్నాం.

పర్లాకిమిడికి అవతల కొండలు. ఆ కొండల్లో సవరలు. చింతపండు, పసుపు, అడవి సరుకు తెచ్చి సంతలో అమ్ముకోవడానికి దిగి వచ్చేవారు. తెలుగు రాదు, లెక్కలు రావు. షావుకారు చెప్పిందే ధర. కచేరీలో రాసిందే నిజం. అందరూ చూస్తున్నదే పంతులుగారూ చూసేరు. చూసి, వీళ్ళకు చదువు చెప్పాలనుకున్నారు. చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ మాట తనకు రావాలి. ఇక్కడే ఆయన ఆలోచన తక్కినవాళ్ళ ఆలోచనకు భిన్నమైంది. వాళ్ళు తెలుగు నేర్చుకోవాలని ఆయన పట్టుబట్టలేదు, తానే సవర నేర్చుకోవడానికి సిద్ధపడ్డారు.

అందుకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. బ్రాహ్మణ గృహంలో సవర గురువు! ఆ రోజుల్లో అదెంత సాహసమో మనం ఊహించుకోవచ్చు. పైగా సవర తెలుగుకు చుట్టం కాదు. సంతాలీ, ముండారీలతో కలిసి ముండా కుటుంబానికి చెందిన భాష. దూరపు బంధువులు బర్మా, కంబోడియాల్లో ఉన్నాయి. క్రియలోకే నామవాచకం దూరిపోయి, మనం ఒక వాక్యంలో చెప్పేది వాళ్ళు ఒక్క మాటలో చెప్పేస్తారు. గొంతులో ఆగిపోయే ధ్వనులున్నాయి. వాటిని వినడానికి చురుకైన చెవి కావాలి.

ఆ చెవినే ఆయన పోగొట్టుకున్నారు. కొండల్లో తిరుగుతుంటే మలేరియా పట్టింది. మందుగా వేసుకున్న క్వినైను వినికిడిని దెబ్బ తీసింది. మాట కోసం అడవికి వెళ్ళినవాడికి చెవుడు బహుమానంగా దక్కింది. ఆయన ఆగలేదు. సవర కథలు, పాటలు సేకరించేరు. వాచకాలు రాసేరు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బళ్ళు పెట్టేరు. 1911 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు తనకొద్దనీ, దానితో సవరలకు బడి పెట్టమనీ కోరేరు. 1909లో వచ్చిన థర్‌స్టన్‌గారి దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో సవరల ఆచారాల మీద ఉన్న సమాచారంలో చాలా భాగం పంతులుగారు అందించినదే. పెద్ద కొడుకు సీతాపతిగారు కూడా ఈ పనిలో తండ్రికి కుడిభుజంగా నిలిచేరు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. అప్పటికి ఆయన వయస్సు డెబ్బయ్యయిదు.

ఇలాంటి పని అదే కాలంలో ప్రపంచంలో మరోచోటా జరిగింది. ఆఫ్రికాలో అప్పటి గోల్డ్ కోస్ట్, ఇప్పటి ఘనా దేశంలో, అషాంతీ ప్రజల భాష నేర్చుకుని, వాళ్ళ నేత, కొయ్యపని, పూజలు, పితృకర్మల గురించి రాట్రే అనే బ్రిటిష్ అధికారి గ్రంథాలు రాసేరు. మొదటిది 1923లో వచ్చింది. ఆయన్ని ఆ పనికి ప్రభుత్వమే నియమించింది. మన పంతులుగారిని ఎవరూ నియమించలేదు. మేష్టరు జీతంలోంచి ఖర్చు పెట్టుకుని, సెలవురోజులు అరగదీసుకుని చేసేరు. ఈ తేడా మనం మరిచిపోకూడదు.

మేం సీతంపేట దాటి కొండెక్కి ఒక సవర గూడకు వెళ్ళేం. ఎర్రమన్ను పూసిన గోడమీద బియ్యప్పిండితో గీసిన బొమ్మలు చూసేం. మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు, అన్నీ ఒక చతురస్రం లోపల. మాలో కొందరు వెంటనే ఫోన్లు తీసేరు. అది అలంకారం కాదనీ, పితృదేవతలకోసం గీసిన ఇల్లనీ, పూజ చేసి గీస్తారనీ మాస్టారు చెప్పేరు. చచ్చిపోయినవారికోసం రాళ్ళు నిలబెట్టే ఆచారం గురించి చెప్పేరు. కొండవాలును మెట్లుమెట్లుగా కోసి, రాతికట్టు కట్టి వరి పండించే నేర్పు చూపించేరు. ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి ఏదో అడిగింది. మా పన్నెండుమందిలో ఎవరికీ జవాబు చెప్పడం చేతకాలేదు. పొందూరులో వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేసే విధం, పర్లాకిమిడిలో కొమ్ముతో చేసిన బొమ్మలు, ఇవన్నీ కళ్ళతో చూస్తే కొంత తెలుస్తాయి. మనిషి మాత్రం మాట తెలిస్తేనే తెలుస్తాడు.

ఇప్పుడు వ్యావహారికం సంగతి. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాల స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు యేట్సుగారికి, పుస్తకాల్లో తెలుగు ఒకలాగా జనం మాట్లాడే తెలుగు మరోలాగా ఎందుకున్నాయన్న సందేహం కలిగింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయన్ని గురజాడ, గిడుగుల దగ్గరికి పంపేరు. ఉద్యమం అక్కడ మొదలైందని మనం చదువుకుంటాం. అది నిజమే. అయితే నా మటుకు నాకు దాని విత్తనం సవర బడిలో పడిందనిపిస్తుంది. తనది కాని భాషలో పాఠం విని నోరు విప్పని సవర పిల్లవాణ్ణి చూసిన కళ్ళతోనే, వస్తున్నాడు అని మాట్లాడి వచ్చుచున్నాడు అని రాయలేక తడబడే తెలుగు పిల్లవాణ్ణీ ఆయన చూసేరు. రెండు బాధలూ ఒకటేనని ఆయనకు తోచి ఉండాలి.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 1911లో ఉద్యోగం విరమించి పూర్తికాలం ఈ పోరాటంలో దిగేరు. 1913లో ఆధునిక తెలుగు మీద విజ్ఞాపన ప్రచురించేరు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టేరు. ఆ ఏడే రాజమహేంద్రవరంలో ఏర్పడ్డ వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులయ్యేరు. 1925లో తణుకు సభలో గంటల తరబడి ప్రసంగించి ప్రతిపక్షుల్ని సైతం ఆలోచింపజేసేరు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. అంతకు ముందు 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు, దాన్ని ఎదిరించి నిలిచిన ఆ వృద్ధుడు యాభయ్యేళ్ళకు పైగా బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేసేరు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూసేరు.

ఈ జీవితం నన్నింతగా పట్టుకోవడానికి కారణముంది. మా తాతగారి ఊరు ఉక్కు కర్మాగారంలో కలిసిపోయింది. పునరావాస కాలనీలో ఇల్లిచ్చేరు. కూర్మన్నపాలెం చుట్టుపక్కల ఇప్పుడు ఒడియా, హిందీ, బెంగాలీ, నానా జిల్లాల తెలుగూ వినిపిస్తుంది. అది మంచిదే. అయితే నేను చదివిన ఒక స్కూల్లో నేను వొచ్చేను, ఎల్లేను అంటే క్లాసంతా నవ్వేది. మా బామ్మ నోట్లో ఉన్న పొలం మాటలు, చేపల పేర్లు, పండగ పాటలు ఆ ఊరితోపాటే పోతున్నాయి. ఊరు పోతే నష్టపరిహారం ఇస్తారు, మాట పోతే ఎవరిస్తారు? మన యాస తప్పు కాదని ధైర్యం చెప్పిన పెద్దమనిషి మన ప్రాంతంలోనే పుట్టేరని తెలిశాక నాకు కొండంత బలం వచ్చింది.

2000ల మొదట్లో మన రాష్ట్రంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టేరు. పంతులుగారు సొంత డబ్బుతో చేసినది అన్నేళ్ళకు ప్రభుత్వం తలకెత్తుకుంది. మరి మనం చేయవలసిందేమిటి? వార్షికోత్సవాల్లో గిరిజన వేషం కట్టి నాట్యం చేస్తాం, చప్పట్లు కొట్టించుకుంటాం. ఆ భాషలో ఒక్క మాట రాదు. సీతంపేట, భామిని, కురుపాంల నుంచి వచ్చి మన హాస్టళ్ళలో ఉంటున్న మిత్రులున్నారు. గదిలో తెలుగూ ఇంగ్లీషూ మాట్లాడి, తమ మాటను ఇంటికి ఫోన్ చేసేటప్పుడు మాత్రమే వాడుకుంటున్నారు.

విద్యార్థి సంఘానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది యాత్రకు బస్సు కుదుర్చుకునే ముందు, ఆ మిత్రుల్లో ఇద్దర్ని మనకు గురువులుగా ఒప్పించండి. నెలరోజులు, సాయంత్రం అరగంట చాలు. ఆ ముసలమ్మ అడిగినదానికి జవాబు చెప్పగలిగినవాళ్ళకే బస్సులో సీటు ఇవ్వండి.